స్మృతి తప్పిన నాడు

వార్ధక్యము అందరికిని ఒక్క తీరున రాదు. ఒకరికి మోకాళ్ళలో వచ్చును; ఒకరికి కన్నులలో వచ్చును. శబ్దమంజరి, అమరకోశము, కావ్యములు కంఠస్థము చేసి, ఆ కంఠముతోనే జీవనము సాగించిన మావంటి పాఠశాలా విద్యార్థులకు అది నాలుక చివర వచ్చును.

నల్లమాడలో మా యింట గత సంవత్సరము ధనుర్మాసమున ఒకనాటి ప్రాతఃకాలము తిరువారాధనము జరుగుచున్నది. యాభై ఏండ్లుగా తడుముకొనక చెప్పుచున్న శ్లోకములో రెండవ పాదము నాకు తోచలేదు. ప్రక్కన కూర్చున్న మనుమరాలు అందించినది. ఆరాధనము ముగిసినది కాని, నాలోని భయము ముగియలేదు. అది మొదలు ఏ శ్లోకము ఎత్తుకొన్నను "ఇదియును మరచెదనేమో" అను శంకయే ముందు నిలుచుచుండెను. స్వామి యెదుట కూర్చుండి, స్వామిని సేవించుటకు మారుగా నా జ్ఞాపకశక్తిని పరీక్షించుకొనుచుంటిని.

బెంగళూరులో నున్న మా చిన్న కుమారుడు అచటికి పిలిపించుకొని వైద్యునికి చూపినాడు. ఆయన పరీక్షలన్నియు చేయించి, "ప్రస్తుతము ఇది వయసుతో వచ్చు మరపే. అప్పుడప్పుడు వచ్చి చూపించుకొనుచుండుడు. మీ మరపునకంటె మీ భయమునకు ముందు చికిత్స కావలెను" అని చెప్పి, ఎనిమిది వారముల శిక్షణ కొకదానికి పంపినాడు. మైండ్‌ఫుల్‌నెస్ అని దానికి పేరు. మనస్సు నిండుగా ఉన్నచోట ఉండుట యని నేను అర్థము చెప్పుకొంటిని.

ఈ చికిత్సను 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాస్త్ర విభాగములో జాన్ కబట్‌జిన్ అను ఆచార్యుడు ప్రారంభించెను. ఔషధములతో పూర్తిగా తీరని దీర్ఘకాలపు నొప్పులతో బాధపడువారే ఆయన మొదటి శిష్యులు. వారమునకొకసారి రెండున్నర గంటలు అందరు కలిసి కూర్చుందురు. ఇంటివద్ద ప్రతిదినము సుమారు 45 నిమిషములు అభ్యసింతురు. పాదముల నుండి శిరస్సు వరకు ఒక్కొక్క అవయవమునందు మనస్సు నిలుపుట, శ్వాసను గమనించుట, సులభములైన ఆసనములు ఇందలి అంగములు. తరువాత సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు దీనిని విషాదరోగము మరల మరల వచ్చువారికి అనువుగా తీర్చిరి. 2000లో వారు ప్రకటించిన పరిశోధనలో, మూడుసార్లకు తగ్గకుండ ఆ రోగమునకు గురియైనవారిలో సాధారణ చికిత్స మాత్రమే పొందినవారికి నూటికి 66 మందికి రోగము తిరుగబెట్టగా, ఈ అభ్యాసము కూడ చేసినవారిలో 37 మందికే తిరుగబెట్టినది.

ఈ పద్ధతికి మూలము బౌద్ధుల "సతి" అను సాధన. పాళీ భాషలో "సతి" యనగా మన సంస్కృతమున "స్మృతి"యే. అమరావతియు నాగార్జునకొండయు గల తెలుగునేలకు ఈ మాట కొత్తది కాదు. సముద్రములు దాటిపోయి, వైద్యుని చీటీతో తిరిగి వచ్చినది, అంతియే.

మొదటినాడు మా చేతిలో ఒక్కొక్క ఎండుద్రాక్షను పెట్టి, చూడుడనిరి, వాసన చూడుడనిరి, నెమ్మదిగా నమలుడనిరి. నాకు నవ్వు వచ్చినది. వెంటనే సిగ్గును కలిగినది. ఇన్నేండ్లుగా ప్రసాదములో ఎన్ని ద్రాక్షలు నోట వేసుకొంటిని! ఒక్కదానినైన ఎరిగి తింటినా? చేయి ప్రసాదమును గ్రహించుచుండగా మనస్సు ఇంటి వ్యవహారములలో తిరుగుచుండెను.

క్రమముగా తెలిసిన దేమనగా, నొప్పి వేరు, నొప్పిని గూర్చిన తలపోత వేరు. మోకాలు నొచ్చుట మొదటిది. "రేపు మంచము పట్టెదనేమో, ఎవరికి భారమగుదునో" యనుట రెండవది. ఈ చికిత్స మొదటిదానిని పోగొట్టునని చెప్పదు. రెండవది తలపోత మాత్రమేనని, అది వచ్చి పోవుటను చూచుచుండుమని నేర్పును. నా శంకను కూడ అట్లే చూడ నేర్చితిని.

మా ఊరి పండితమిత్రు డొకరు ఆక్షేపించిరి: "శ్వాసను చూచుటలో భగవంతుడు ఎక్కడ? భగవద్రామానుజులు శ్రీభాష్యమున భక్తిని తైలధారవలె తెగని స్మృతి యని నిరూపించిరి గదా! విషయము లేని స్మృతితో ఏమి ప్రయోజనము?" ఆక్షేపణ సరియైనదే. దానికి మా చేలే సమాధానము చెప్పును. ఈ సీమలో ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము. వేసవి దుక్కి దున్నిన చేను ఆ కొద్ది వానను త్రాగును. దున్నని చేను జారవిడుచును. దుక్కి వాన కాదు. దున్నినంత మాత్రమున మేఘము రాదు. వచ్చిననాడు నిలుపుకొనుటకు మాత్రము దుక్కి కావలెను. ఈ అభ్యాసము దుక్కి, భగవత్కృప వర్షము.

ఇంకొక మాట. బిడ్డలు బ్రతుకుతెరువుకై బెంగళూరు చేరగా, ఒంటరిగా ఇంట మిగిలిన ముసలితల్లికి మాత్రలు కొనిపెట్టక, ప్రక్కన కూర్చుండక, "శ్వాసను గమనింపుము" అని బోధించుట ధర్మము కాదు. ఔషధము, అన్నము, మనుష్యుని తోడు ముందు. అభ్యాసము వానికి తోడు.

అయినను ఒక ప్రశ్న మిగిలినది. చివరి వారమున శిక్షకురాలిని అడిగితిని: "అమ్మా, చూచువాడు ఉన్నంతవరకు ఇది సాగును. చూచువాడే మరపులో మునిగిననాడు ఏమి గతి?" ఆమె చాలసేపు ఊరకుండి, "స్వామీ, నేను నేర్పునది నేటికి మాత్రమే" అన్నది. ఆ నిజాయితీకి నమస్కరించితిని.

ఆ ప్రశ్న మన పెద్దలకు తెలియనిది కాదు. ప్రాణము పోవు వేళ కఫము కంఠమును అడ్డగించునని, అప్పుడు నిన్ను తలచుట నా వశము కాదని కులశేఖరులు ముకుందమాలలో మొరపెట్టుకొనిరి. అప్పటికై ఇప్పుడే చెప్పి ఉంచుచున్నానని పెరియాళ్వారులు శ్రీరంగనాథునితో విన్నవించుకొనిరి. దీనికి ఉత్తరము వరాహ చరమశ్లోకమున నున్నది. తిరుమలలో పుష్కరిణి గట్టున ముందుగా సేవించు ఆదివరాహస్వామి భూదేవికి ఇచ్చిన మాట అది. మనస్సు, శరీరము స్వస్థముగా ఉన్ననాడు తన్ను స్మరించినవాడు, తుదకు కట్టెవలె, రాతివలె పడియున్నప్పుడు ఆతనిని తానే స్మరింతునని స్వామి వాగ్దానము. దీని రహస్యమును వివరించుటకే వేదాంతదేశికులు రహస్యశిఖామణిని రచించిరి.

దీనిని పలుమార్లు ఇతరులకు చెప్పితిని. నాకు నేను చెప్పుకొనలేదు. నా జ్ఞాపకమే స్వామిని పట్టి యున్నదని లోలోపల నమ్మితిని. అది భక్తి వేషము వేసుకొన్న అహంకారము. పట్టుకొన్నవాడు ఆయన. స్మరణ నా వంతు ఈ పూటకే. ఆపైది ఆయన వంతు.

ఆయన స్మరించుట మనకు కనబడు మార్గమును ఒకటి కలదు. మతి తప్పిన పెద్దల పేరును, వారికి ఇష్టమైన స్తోత్రమును, వారు మరచిన నామమును ఇంటివారు వారి చెవిలో పలుకుచున్నప్పుడు, స్వామి వాగ్దానము ఆ ఇంటిలో నెరవేరుచున్నదని నా విశ్వాసము. మరచినవారిని మరువకుండుట కూడ కైంకర్యమే.

ఇప్పుడును నాకు శ్లోకపాదములు తప్పుచున్నవి. తప్పినప్పుడు తొందరపడక ఆగుదును. ఒక శ్వాస వచ్చి పోవును. పాదము తోచినచో చెప్పుదును. తోచనిచో మనుమరాలు అందించును. ఎవరి నోట వచ్చినను అది చేరవలసిన చోటికే చేరును.