పాత చింతకాయ పచ్చడి

వైన్ అనగానే సీసా గుర్తొచ్చేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను, ఇది తాగేది కాదు. విండోస్ కోసం రాసిన ప్రోగ్రాములని లినక్స్ మీద నడిపించే సాఫ్ట్‌వేర్. 1993లో మొదలుపెట్టారు. 1.0 అని అంకె వేసుకోడానికి 2008 జూన్ దాకా, అంటే పదిహేనేళ్ళు పట్టింది. మన వైపు ప్రాజెక్టుల లెక్కన చూస్తే అదేమంత ఆలస్యం కాదు లెండి.

ఏ ప్రోగ్రాం దీనిమీద నడుస్తుందో, ఏది మొరాయిస్తుందో వాడి చూసినవాళ్ళే చెప్పాలి. అందుకని ఆప్‌డీబీ అని ఒక పెద్ద చిట్టా పెట్టారు. వైన్ ఏ వెర్షన్ మీద చూశారో రాసి, ప్లాటినం నుంచి గార్బేజ్ దాకా అయిదు మెట్లలో ఒకటి ఇస్తారు. దానికింద ఎవరికి తోచిన చిట్కా వాళ్ళు రాసిపోతారు. ఒక్కో ప్రోగ్రాముకీ ఒకరో ఇద్దరో జీతంలేని కాపలాదారులుంటారు. నేను అలా ఒక పాత పేజీ అమరిక ప్రోగ్రాముని చూసుకుంటున్నాను. దానిమీద నాకెందుకింత ప్రేమ అంటే, యూనికోడ్ రాకముందు మన తెలుగు పుస్తకాలు బోలెడు ఇలాంటి ప్రోగ్రాముల్లోనే కంపోజ్ అయ్యాయి. ఆ ఫైళ్ళు ఇప్పుడు తెరవాలంటే ఆ పాత ప్రోగ్రాములనే బతిమాలుకోవాలి.

కాపలాదారు పనుల్లో ఒకటి, కాలం చెల్లిన చిట్కాలని తీసెయ్యడం. చెప్పుకోడానికి చీపురు పనే. చేస్తుంటే మాత్రం ఎక్కడో గుచ్చుకుంటూ ఉంటుంది.

2007లో ఒకాయన పదిహేడు వరసల చిట్కా రాశాడు. విండోస్‌లోంచి ఫలానా డీఎల్ఎల్ ఫైలు తెచ్చి వైన్ డైరెక్టరీలో పెట్టండి, వైన్‌కి తన సొంత ఫైలు వాడొద్దని చెప్పండి, ఆ తరవాత ఇదిగో ఇలా... అంటూ. మూడు ఆదివారాలు తలబాదుకుంటే తెలిసిందనీ, ఇంకెవరికీ ఆ పాట్లు వద్దనీ చివర్లో రాశాడు. దాని కింద ఎంతోమంది థాంక్స్ చెప్పుకున్నారు. ఆ రోజుల్లో అది లేకపోతే ప్రోగ్రాం తెరుచుకునేదే కాదు.

తరవాత్తరవాత వైన్ ఆ పని తనే చెయ్యడం నేర్చుకుంది. రెండు వారాలకో కొత్త ముక్క విడుదలయ్యే సరుకు అది, నేర్చుకోకేం చేస్తుంది? ఇప్పుడా పదిహేడు వరసలూ నమ్మి చేసినవాళ్ళకి బాగా నడవాల్సిన ప్రోగ్రాం కాస్తా పడిపోతుంది. అంతటితో పోదు. బయటినుంచి తెచ్చిన ఫైలు వాడుతున్నంతకాలం వైన్ సొంత ఫైలులో తప్పుందో లేదో ఎవరికీ తెలియదు. అలాంటి ఫిర్యాదు తీసుకెళ్తే డెవలపర్లు పట్టించుకోరు, పట్టించుకోకూడదు కూడా. అంటే నలుగురికి మేలు చెయ్యాలని రాసిన మాట, రాసినవాడి ప్రమేయం ఏమీ లేకుండానే నలుగురికీ అడ్డం పడటం మొదలుపెట్టింది.

తీసేశాను. కొన్నాళ్ళకి ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కోపంగా లేదు. అదే ఇబ్బంది. "నేను రాసిందాంట్లో అబద్ధమేమన్నా ఉందా?" అని అడిగాడు, అంతే.

లేదు. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. రూట్‌గా లాగిన్ అయి నడపండి అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. అది 2007లోనూ తప్పే, ఇప్పుడూ తప్పే, దాన్ని ఏ బెంగా లేకుండా పీకిపారేస్తాను. ఇదలా కాదు. మాట అక్కడే నిలబడి ఉంది, కింద నేల జరిగిపోయింది. తప్పు చెయ్యనివాడి మాటని తప్పు చేసినవాడి మాటతో కలిపి ఒకే చెత్తబుట్టలో వెయ్యడం న్యాయమేనా అన్నది ఆయన ప్రశ్న. నాకది చిన్న ప్రశ్నగా కనిపించలేదు.

దేశం వదిలొచ్చిన మనబోటివాళ్ళకి ఈ వ్యవహారం కొత్తేమీ కాదు. డెబ్భైల్లో వచ్చిన పెద్దలు ఇప్పటికీ కొత్త కోడలికి ఫోన్లో చెబుతుంటారు, "అమ్మాయీ, కందిపప్పూ ఇంగువా అన్నీ సర్దుకుని రా, ఇక్కడేం దొరకవు" అని. దొరకని రోజులు వాళ్ళు పడ్డారు, అబద్ధం కాదు. అటువైపు చూస్తే మనమంతా అంతే. ఎవరు ఏ ఏడాది విమానమెక్కారో వాళ్ళ దగ్గరున్న ఊరు ఆ వెర్షనే. టెలిఫోను కోసం ఏళ్ళ తరబడి దరఖాస్తు పెట్టుకు కూర్చున్న దేశం గురించి, చేతిలో ఫోనుతో కూరగాయలు కొంటున్న మేనల్లుడికి మనం పాఠాలు చెబుతాం. వాడు "అలాగే మావయ్యా" అంటాడు. చెప్పిన మాటకి వెర్షన్ నంబరు తగిలించి, "1985లో అయితే ఇలా ఉండేదిరా" అంటే ఎవరికీ పేచీ లేదు. తేదీ రాలిపోయాకే మాటకి తెగులు పట్టేది.

మరయితే తేదీ తగిలించి అలాగే ఉంచెయ్యొచ్చు కదా, తియ్యడం ఎందుకు? మంచి మాటే. కల్నల్ కాలిన్ మెకంజీ తరఫున కావలి సోదరులూ, మిగతా పండితులూ ఊరూరా తిరిగి కైఫీయతులు పోగుచేసినప్పుడు, ఇది పాతది, ఇది పనికిరానిది అని వడపోసి ఉంటే మన గ్రామాల చరిత్ర ఎంత నష్టపోయేదో. కానీ కైఫీయతు చదివేవాడు తీరిగ్గా కుర్చీలో కూర్చుని చదువుతాడు. దాంట్లో చెరువు నిండుగా ఉందని రాశారు కదా అని ఎవరూ ఈవేళ తూము ఎత్తడానికి వెళ్ళరు. ఆప్‌డీబీకి వచ్చేవాడు అలా కాదు. పొద్దున్నే ఫైలు పంపాలి, రాత్రి పదకొండయింది, తేదీలు చూసే ఓపిక లేదు. మొదట కనిపించింది చేసేస్తాడు. ఆ మనిషి ఒక రాత్రి పోగొట్టుకోవడం ఎక్కువా, పాతాయన మాట మరుగున పడటం ఎక్కువా అంటే, నేను మొదటివాడి వైపే. వైన్ ఫలానా వెర్షన్ మీద ఫలానా రోజున ఇలా ఉండింది అని చెప్పే పరీక్షల పట్టిక విడిగా ఉంది. చరిత్రకి అది చాలు అనుకుంటాను.

ఆయనకి ఈ సంగతే రాశాను. దాంతోపాటు, తీసే ముందు ఏం చేశానో కూడా రాశాను. కొత్త ప్రిఫిక్స్, అంటే వైన్ తనకోసం కట్టుకునే ఉత్తుత్తి సి డ్రైవు, ఖాళీది తయారుచేసి, ఆయన చిట్కా లేకుండా ఒకసారి, చిట్కాతో ఒకసారి ప్రోగ్రాం ఎక్కించి చూశాను. రెండు సాయంత్రాలు పట్టింది. మూడు ఆదివారాలు పెట్టి చెప్పిన మనిషి మాటని, పైనున్న తేదీ చూసి అర నిమిషంలో కొట్టేసే హక్కు నాకు లేదు. పాతబడిందని రుజువు చెయ్యడం నా పని, పాతబడలేదని రుజువు చేసుకోవడం ఆయన పని కాదు. ఈ పద్ధతిలో ఏడాదికి పది చిట్కాలు కూడా తేలవు, తోటివాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి. పాత చింతకాయ పచ్చడి అని మనం వెక్కిరింతగా అంటాం గానీ, బాలింతకి పథ్యంలో వడ్డించేది ఆ పాతదే. ఏ జాడీ సంగతి ఏమిటో మూత తీసి చూస్తేగానీ తెలియదు.

ఆయన మళ్ళీ రాశాడు. లినక్స్ వాడటం మానేసి చాలా ఏళ్ళయిందట. రెండు సాయంత్రాలు పెట్టినందుకు థాంక్స్ చెప్పాడు.

ఇంకొక చిట్కా ఉంది, 2009ది. ఒకానొక ఫాంటుతో ప్రింటు తీస్తే పేజీలో చివరి వరస సగం తెగిపోతుందట, మార్జిన్ పెంచుకుంటే సరిపోతుందట, కారణం తనకి తెలియదట. ఆ తరవాత దాని ఊసెత్తినవాళ్ళు లేరు. ఆ రకం ప్రింటర్ నా దగ్గర లేదు, తెలిసినవాళ్ళ దగ్గరా లేదు. అందరూ దాన్ని తీసెయ్యమనే అంటున్నారు. ఇంకా అక్కడే ఉంది.