కండ్లు లేకుండ లేస్తదా?

"రేపు ప్రభువు పిలిచిన దినాన మీ అమ్మ కండ్లు లేకుండ లేస్తదారా?"

మా పెదనాయిన గుమ్మంలో నిలబడి అడిగిన మాట ఇది. అమ్మ ఊపిరి ఆగి అప్పటికి అరగంటైంది. నేను ఫ్యాను కట్టేసి, ఆమె రెప్పలు మూసి, వాటి మీద తడి దూది పెట్టి, తల కింద ఇంకో దిండు దోపుతున్నాను. నేత్రబ్యాంకు వాళ్లు ఫోన్లో చెప్పినవన్నీ వరసగా చేస్తున్నాను. కార్నియా ఆరిపోకూడదు, ఆరు గంటలు దాటకూడదు. తన కళ్లు ఇవ్వాలన్నది అమ్మ మాటే. అమ్మ ఆ మాట అన్నప్పుడు పెదనాయిన ఊళ్లో లేడు.

ఆయన సంఘ పెద్ద. మా డోర్నకల్‌లో ఎవరి మట్టికైనా ముందు నడిచే మనిషి. ఆయన భయాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయలేను. చనిపోయినవాళ్లు శరీరంతో లేస్తారని గుళ్లో నిలబడి అందరం కలిసి ఒప్పుకునేవాళ్లమే. ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. నేత్రబ్యాంకు నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు, ఇరవై నిమిషాల్లో పని ముగించి, రెప్పలు సరిచేసి వెళ్లారు. పెదనాయిన వంగి అమ్మ ముఖం చూశాడు. మార్పేమీ కనబడలేదు. అయినా ఆయన ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

తెల్లారి ఎదురింటి అత్త వచ్చి నా పక్కన కూర్చుని మెల్లగా అంది: "ఇచ్చినవు గని కొడుకా, వచ్చే జన్మల గుడ్డిదై పుట్టదు గద?" ఆమెది రాములవారి గుడి, మాది చర్చి. ఆమెది పునర్జన్మ, మాది పునరుత్థానం. భయం మాత్రం ఒక్కటే. ఇచ్చిన సామాను ఇచ్చినట్టు దేవుడికి తిరిగి అప్పజెప్పాలని.

పుట్టినప్పటి నుంచీ కళ్ల ముందున్న మా ఎపిఫనీ కెథడ్రల్ గుర్తొచ్చింది. అజరయ్య బిషప్ గారు కట్టించిన గుడి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. పైన మసీదుల్లాంటి గుమ్మటాలు, లోపల దేవాలయ మండపంలాంటి స్తంభాలు. మూడు మతాలు ఒక్క కప్పు కింద ఇమిడాయి. మా రెండిళ్ల భయమూ అలాగే ఇమిడినట్టుంది.

నేను రైల్వేలో గార్డుగా చేశాను. కన్ను విలువ మాకు కాగితం మీద ఉంటుంది. కొన్నేళ్లకోసారి రంగురంగుల చుక్కల్లో దాగిన అంకె చదివించేవాళ్లు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే బండి ఎక్కనివ్వరు. అయితే నాకంటే ముందు మా ఇంట్లో కన్ను సంగతి తెలిసినది నాయనమ్మ. 1973 నాటికి ఆమె రెండు కళ్లకూ మోతీబిందు, అంటే శుక్లం. మనవళ్లను ముఖం తడిమి పోల్చుకునేది. చిన్నప్పుడు గడప మీద పడి నా కనుబొమ్మ చీలింది. ఆ గాటు వేలికి తగలగానే "మా గాటోడు" అనేది. పక్క ఊరి బళ్లో కంటి శిబిరం పెడితే నాయిన బండి కట్టించుకుని తీసుకెళ్లాడు. బెంచీలు జరిపి చాపలు పరిచారు, వరసగా కట్లు కట్టిన ముసలివాళ్లు. కట్టు విప్పాక నాయనమ్మ డాక్టరు చెయ్యి పట్టుకుని "నువ్వే నా ఏసయ్యవు" అంది. ఆ కుర్ర డాక్టరు సిగ్గుపడి, "పొర తీసిన అవ్వా, గంతే" అన్నాడు. తర్వాత సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి. అద్దాల్లోంచి నన్ను చూసి కూడా నమ్మక, ముందు కనుబొమ్మ తడిమింది.

అవి డాక్టర్ పెరుగు శివారెడ్డి గారి రోజులు. కర్నూలు జిల్లాలో 1920లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రికి పేరు తెచ్చిన సర్జన్. రోగి పట్నం రాలేకపోతే తానే ఊళ్లకు పోయి శిబిరాలు పెట్టాడు. ఆయన చేసిన శుక్లం ఆపరేషన్లు రెండు లక్షలు దాటాయని చెబుతారు. 1971లో పద్మశ్రీ, 1977లో పద్మభూషణ్ వచ్చాయి. 2005లో పోయాడు. నన్ను ఆలోచింపజేసింది వేరే పని: 1964లో ఆయన పెట్టిన నేత్రబ్యాంకు, అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో మొదటిది.

శుక్లం తీయడానికి డాక్టరు, రోగి ఉంటే చాలు. కంట్లో పువ్వు పడి, నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, అదే కార్నియా, తెల్లబడినవాడికి అలా కుదరదు. మూడో మనిషి కావాలి, మామూలుగా ఆ మనిషి చనిపోయి ఉండాలి. 1905 డిసెంబరు 7న, ఇప్పటి చెక్ దేశంలోని ఓలోమోట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు, సున్నం పడి రెండు కళ్లూ కాలిన ఒక కూలీకి మొదటిసారి కార్నియా అతికించి చూపు నిలబెట్టాడు. సున్నం మన ఊళ్లలోనూ ఎందరి కళ్లు కాల్చలేదు! ఆ కూలీకి అతికించిన పొర పదకొండేళ్ల పిల్లవాడిది. దెబ్బ తగిలి ఆ కన్ను ఎలాగూ తీసేయాల్సి వచ్చింది. తర్వాత తర్వాత చనిపోయినవాళ్ల కార్నియా కూడా పనికొస్తుందని తేలింది. దానిలో రక్తనాళాలు ఉండవు కాబట్టి రక్తం గ్రూపు కలవాలన్న పట్టింపు ఉండదు. కులం గ్రూపు సంగతి అడిగేవాడే లేడు.

అంటే శివారెడ్డి గారంతటి చెయ్యి కూడా మా పెదనాయిన ప్రశ్న ముందు ఆగి నిలబడాల్సిందే. కత్తి ఎంత పదునుదైనా, ఏడుస్తున్న ఇంట్లో ఎవరో ఒకరు "తీసుకోండి" అనేదాకా అది కదలదు. అందుకే ఈ ప్రశ్న ఆసుపత్రిదీ కాదు, గుడిదీ కాదు, గుమ్మంలోది.

తీసింది అర మిల్లీమీటరు పొరే గదా అని తప్పించుకోవచ్చు. కానీ పెదనాయిన అడిగింది మందం గురించి కాదు.

ముందు గార్డుగానే ఆలోచించాను. పట్టాల మీద పడ్డవాళ్లను దుప్పట్లో పోగుచేసి ఎత్తడం చూశాను. ఏది దొరికిందో, ఏది దొరకలేదో ఎవరూ లెక్కపెట్టరు. ఆ దుప్పట్లోవాళ్లను లేపగలిగిన దేవుడికి మా అమ్మ దగ్గర మాత్రం చేతకాదా? గుడి పక్కన 1945 నుంచి నిద్రిస్తున్న అజరయ్య గారి కళ్లు మాత్రం మట్టి ఉంచిందా?

ఇది సరైన జవాబే. కానీ చల్లారిన జవాబు. దేవుడికి కొత్త కళ్లు ఇవ్వడం తేలికే అంటే, అమ్మ ఇచ్చినదానికి గుర్తేమీ మిగలదు.

అప్పుడు నా గార్డు పెట్టె గుర్తొచ్చింది. అందులో జెండాలు, దీపం, చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించే డిటోనేటర్లు ఉండేవి. అన్నిటికీ లెక్క ఉండేది. అయితే ముందు లైనులో ప్రమాదం ఉండి, వచ్చే బండిని ఆపడానికి డిటోనేటర్లు పట్టాల మీద పెట్టామనుకోండి, లెక్క తగ్గుతుంది. తగ్గినందుకు నన్ను పట్టుకోరు, ఎందుకు వాడానో రాయమంటారు. ఏ బండినీ ఆపకుండా పెట్టెలో తుప్పు పట్టించి నిండుగా అప్పజెప్పడం గొప్ప కాదు.

ఇంతవరకు వచ్చాక తోమా గుర్తొచ్చాడు. ప్రభువు లేచాడని తోటి శిష్యులు చెప్పినా నమ్మక, మేకుల గాయాలు తాకితేనే నమ్ముతానన్నవాడు. చావును గెలిచి లేచిన ఆ శరీరానికి ఒక్క కొరతా ఉండాల్సింది కాదు. అయినా చేతుల్లో మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. తలుపులు మూసిన గదిలోకి రాగలిగినవాడికి ఆ గాట్లు పూడ్చుకోవడం రాదా? పూడ్చుకోలేదు. మనకోసం పోగొట్టుకున్నదాన్ని ఆయన లోపంగా ఎంచలేదు. తానెవరో తెలిపే ఆనవాలుగా ఉంచుకున్నాడు.

వారం తర్వాత పెదనాయిన ఇంటికి పోయి ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నాడు: "సరే, గాయంతోనే లేస్తది అనుకో. మరి ఆయన్ను ఎట్ల చూస్తదిరా?"

నా చెయ్యి కనుబొమ్మ మీది గాటు దగ్గరికి దానంతటదే పోయింది.

"నాయనమ్మ లెక్క," అన్నాను. "చేతులు తడిమి."