ఎనిమిదవ తంతి

ఆరు తంతుల గిటారు గల యువకుడొకడు ఎనిమిది తంతుల ఎలక్ట్రిక్ గిటారును కొనగోరుచున్నాడనుకొనుము. పాతది చెడిపోలేదు. క్రొత్తదానికి నెలనెల వాయిదాలు కట్టవలెను. “ఉన్నదానితో తృప్తిపడరాదా?” అని తండ్రి అడుగును. “దీనిలో లేని స్వరములు దానిలో నున్నవి, నాన్నా” అని కుమారుడు చెప్పును. ఇద్దరి మాటయు నిజమే. కావున కోపము విడిచి ఈ ప్రశ్నను విచారింతము. ఉన్నదానికంటె ఎక్కువ కోరుట ఎప్పుడు న్యాయము? ఎప్పుడు వట్టి ఆశ?

మొదట ఆ వాద్యమును ఎరుగవలెను. సాధారణముగా శ్రుతి చేసిన ఆరు తంతుల గిటారులో అతి మంద్రమైన తంతి సెకనుకు సుమారు 82 మారులు కంపించును. ఏడవ తంతి చేర్చినచో ఆ సంఖ్య 62కును, ఎనిమిదవది చేర్చినచో 46కును దిగును. ఈ దిగుట ఊరక లభించునది కాదు. మంద్రముగా పలుకవలెనన్న తంతి వదులైనను కావలెను, లావైనను కావలెను, పొడవైనను కావలెను. మిక్కిలి వదులైనచో స్వరము స్థిరముగా నిలువదు. మిక్కిలి లావైనచో పలుకు మొద్దుబారును. అందుచేత పొడవు పెంచుదురు. అనేక గిటారులలో పలుకు తంతి పొడవు 25½ అంగుళములు. 2007లో ఐబనెజ్ సంస్థ విక్రయమునకు తెచ్చిన ఎనిమిది తంతుల గిటారులో అది 27 అంగుళములు. మెడయు వెడల్పైనది. విస్తృతి పెరిగినకొలది వ్రేళ్లకు శ్రమయు పెరుగును.

అయితే తంతులు పెంచుట తప్పు కాదు. కీర్తనల గ్రంథములోనే పది తంతుల వాద్యము ప్రస్తావన కలదు గదా! 1930ల చివరి భాగమున అమెరికాలో జార్జి వాన్ ఎప్స్ అను విద్వాంసుడు ఏడు తంతుల గిటారును చేయించుకొనెను. పాటను, దానికి ఆధారమైన మంద్రస్వరములను ఒక్కచేతిమీదుగా వినిపింపవలెనన్నది ఆయన తలంపు. మన పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్‌ను తలంచుము. పాశ్చాత్యుల మాండలిన్‌కు నాలుగు జతల తంతులుండును. కర్ణాటక సంగీతపు గమకములకును, స్థాయిలకును అది చాలకపోగా, ఆయన జతలను విడిచి ఒంటి తంతులు కట్టి, అయిదవ తంతిని చేర్చి, ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కచేరీలు చేసెను. స్వీడన్ దేశపు మెషుగ్గా బృందము 2002లో ‘నథింగ్’ అను సంకలనమును ఏడు తంతుల గిటారుల శ్రుతి దించి వాయించెను. 2006లో ఎనిమిది తంతుల గిటారులతో ఆ భాగములను మరల రికార్డు చేసెను. ఈ మూడు చోట్లను సంగీతమే ముందు నడిచినది. తంతి దాని వెంట వచ్చినది.

అట్లని కొరతయే పుణ్యమనుకొనవలదు. పగనీని అను ఇటలీ విద్వాంసుడు వయొలిన్‌పై ఒక్క తంతితోనే వాయింపదగిన కృతులను రచించెను. దానిని చూపి “ఒక్క తంతి చాలును” అని యువకుని గద్దించుట సులభము. కాని ఆ పగనీని తక్కిన మూడు తంతులను విసర్జింపలేదు. ఒకటి చాలినచోట ఒకటి, నాలుగు కావలసినచోట నాలుగు వాడెను.

మరి పాట ఇంకను పుట్టకమునుపే తంతిని కొనువాని మాట ఏమి? ఎదుగు పిల్లవానికి చొక్కా కొంచెము వదులుగా కుట్టింతుము. అది దుబారా కాదు. కాని ఎదుగుదల ఉన్నప్పుడే ఆ వదులుకు అర్థము కలదు. ఆరు తంతులపై సాధన చేయనివానికి ఎనిమిది తంతులు సాధన నేర్పవు. కొరత వాద్యములో నున్నదా, అభ్యాసములో నున్నదా అని వాడు తన్ను తానే అడుగుకొనవలెను. ఆ ప్రశ్నకు అంగడివాడు జవాబు చెప్పడు.

ఇంకొక సంగతి కలదు. ఇదియే ముఖ్యము. ఎనిమిది తంతులలో ఒకటి పలుకునప్పుడు తక్కిన ఏడును ఊరకుండవలెను. కాని అవి తమంతట తాము ఊరకుండవు. ఒకదాని కదలికకు మరియొకటి ప్రతిధ్వనించును. యాంప్లిఫైయరులో ధ్వనిని పెంచి, గరుకుపరచినచో ఆ చిన్న సవ్వడియే పెద్ద రొద యగును. అందుచేత వాద్యకారుడు అరచేతితోను, వ్రేళ్ల అంచులతోను మీటని తంతులను అణచుచుండును. తంతులు పెరిగినకొలది పలికించు పనికంటె ఊరకుంచు పని పెరుగును. ధనము, అధికారము, విద్య కూడ ఇట్టివే గదా! పదిమందిపై అధికారము గలవాడు ఎన్ని ఆజ్ఞలు మానుకొనవలెనో నేర్వవలెను. అనేక సంగతులు ఎరిగినవాడు వానిలో ఏది చెప్పకూడదో ఎరుగవలెను.

తోడివారి మాటయు మరువరాదు. నాలుగు తంతుల బాసు గిటారులో అతి మంద్రమైన తంతి సెకనుకు సుమారు 41 మారులు కంపించును. ఎనిమిదవ తంతి దాని గడపవరకు వచ్చినది. జాగ్రత్త లేనిచో రెండు ధ్వనులును కలగలిసి బురద యగును. ఇంతకాలము పునాదివలె నిలిచిన బాసు వాద్యకారుడు వినబడకపోవును. నాకు దొరికిన విస్తృతి నా సహోదరుని చోటును ఆక్రమించినచో అది లాభమా?

కాబట్టి చదువరీ, నీ యింట అట్టి యువకుడున్నయెడల వెంటనే కాదనవద్దు, వెంటనే సొమ్మును ఈయవద్దు. పాత గిటారునే శ్రుతి దించి, తన మనస్సులో మెదలు పాటను కొన్ని నెలలు వాయింపుమనుము. పాట నిజముగా ఆ వాద్యములో ఇమడక పెనుగులాడినచో, వాయిదా సొమ్ము ఇంటి బియ్యమును, తల్లి మందులను తాకకుండునట్లు చూచుకొని, సంతోషముగా కొననిమ్ము. కొనిన నాడు ఎన్ని స్వరములు పలికించెనని అడుగవద్దు. మీటని తంతులను ఊరకుంచుట నేర్చుచున్నాడా అని అడుగుము. యువకులు ఇంట లేనివారమైనను, మనకు క్రొత్తగా దొరికిన ప్రతి శక్తి విషయమై ఈ ప్రశ్ననే వేసికొందము.