కనబడని గ్రహణం

2025 భాద్రపదంలో నా ఫోనుకు తెరిపి లేదు. పౌర్ణమి, అంటే సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. 9.57కి పట్టు, 11 గంటల నుంచి 82 నిమిషాలు సంపూర్ణం, 1.27కి విడుపు. "పంతులుగారూ, భోజనాలు ఎన్నింటిలోగా? ఆవకాయ జాడీ మీద దర్భ వేస్తే చాలా, పెరుగులో కూడా వెయ్యాలా?" పౌరోహిత్యం చేసేవాణ్ణి, చెప్పక తప్పుతుందా!

చంద్రుణ్ణి కమ్మేది భూమి నీడేనని క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది. రాహుకేతువులంటే చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు చోట్లు; ఆ లెక్కతోనే పంచాంగకర్త నిమిషాలతో సహా రాస్తాడు. మరి నీడకి స్నానమెందుకు, జపమెందుకు అంటారు కుర్రాళ్లు. న్యాయమైన ప్రశ్నే.

నాకు దారి చూపింది ఒక చిన్న నియమం: కనబడని గ్రహణానికి పాటింపు లేదు. పలుచని నీడ మాత్రమే పడే చంద్రగ్రహణాన్నీ లెక్కలోకి తీసుకోరు, కంటికి తేడా తెలియదు గనక. దోషం నీడలోనే ఉంటే పలుచని నీడకి పలుచని దోషమైనా ఉండాలిగా? అంటే పెద్దలు విధిని కంటికి ముడిపెట్టారు. మనమేమో కిటికీలు బిగించుకున్నాం. ఫలానా రాశివాళ్లు చూడకూడదన్న మాటా ఉంది, కాదనను. కడుపుతో ఉన్న పిల్లను మంచినీళ్లు కూడా ఇవ్వకుండా, కదలకుండా పడుకోబెడతామంటే మాత్రం ఒప్పుకోను. అడిగినవాళ్లను కసిరాను కూడా. గ్రహణమని తిరుమలలో తలుపులు మూస్తే, శ్రీకాళహస్తిలో గుడి తెరిచే ఉంచి అభిషేకం చేస్తారు. ఇంటి ఆచారానికి ఆపాటి వెసులుబాటు ఉండకూడదా?

జపం ముగించి డాబా ఎక్కాను. చంద్రుడు చింతపండు పెట్టి తోమని రాగిచెంబులా ఉన్నాడు. వెన్నెల తగ్గడంతో తూర్పు పక్కన శని తేటగా కనబడుతున్నాడు. పక్కింటి కుర్రాడు టెలిస్కోపు అటు తిప్పాడు. ఆ ఏడాది శని వలయాలు మనకేసి అంచు తిప్పి ఉండటంతో సన్నని గీతలా ఉన్నాయి. వాళ్ల నాయనమ్మది మీనరాశి, ఏలినాటి శని నడుస్తోంది. ఒంటికన్నుతో చూసి, "ఇంత పిసరంతవాడా నన్ను ఏడిపిస్తున్నది!" అని, అంతలోనే చెంపలేసుకుంది.

21న మహాలయ అమావాస్య. పాక్షిక సూర్యగ్రహణం మనకు అర్ధరాత్రి, న్యూజీలాండ్‌లో 22 ఉదయం. ఆక్లండ్‌లో ఉన్న మా యజమాని ఒకరి అబ్బాయి ఫోను చేశాడు. "నీకు పాటింపు ఉంది నాయనా. చూస్తే గ్రహణం కళ్లద్దాలతోనే చూడు, మామూలు నల్లకళ్లజోడు పనికిరాదు" అన్నాను. ఇక్కడ వాళ్లమ్మగారికి నచ్చలేదు.

"సూర్యుడొక్కడే కదండీ, మావాడికి మైల, మాకు లేదా?"

"మైల సూర్యుడిది కాదమ్మా, చూసేవాడిది."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "అయితే చూడకుండా పడుకోమంటాను."

"కనబడే చోట ఉండి కళ్లు మూసుకున్నా స్నానం తప్పదమ్మా" అన్నాను.