పెరటి తోట - అహింసా వ్రతము

ఉగాదినాటికి పెరటిలో మల్లె మొగ్గ తొడుగును, బెండ పూతకు వచ్చును. ఆపై పన్నెండు దినములకు, చైత్ర శుద్ధ త్రయోదశినాడు, మహావీర జయంతి. మట్టియందును నీటియందును మొక్కయందును ఏకేంద్రియ జీవములున్నవని నమ్మిన గృహస్థుడు తోట వేసి సంతోషింపవచ్చునా?

ప్రయోజనము లేక నేల త్రవ్వుట, నీరు పారబోయుట, చెట్లు నరుకుట ప్రమాదచర్య యని సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున చెప్పిరి. కూరకై పాదు చేయుటయందు ప్రయోజనము కలదు. అందు కలుగునది ఆరంభ హింస. గృహస్థుడు దానిని తగ్గింపగలడేగాని బొత్తిగా మానలేడు. బెండాకు క్రింద చేరిన పేనుబంకను మందు చల్లి చంపుట వేరు. చంపవలెనని తలచి చంపుట సంకల్ప హింస. శ్రావకుడు విడిచెదనని వ్రతము పట్టినది దానినే.

అట్లయిన పంట పోవునే యనవచ్చును. కొంత పోవును. వర్తకుడు సరుకులో తరుగు వ్రాసికొనునట్లు దానిని వ్రాసికొనవలెను. మొక్కకు మొక్కకు ఎడముంచిన పురుగు కొంత తగ్గును. నీరు పోయుటకు ముందు కుదుట చీమలున్నవేమో చూడవలెను. ఇంటి పిల్లలు చూచి నేర్చుకొనునది ఇదియే. పురుగు తినగా మిగిలిన పిడికెడు బెండకాయలు వండుకొన్ననాడు ఆ ఇంట సంతోషమునకు లోటుండదు.