రెండు తూనిక రాళ్లు



కొనుటకు ఒక రాయి, అమ్ముటకు వేరొక రాయి పెట్టుకొను వర్తకుని మనమెవ్వరమును నమ్మము. అట్టి తూనిక దేవునికి అసహ్యమని సామెతల గ్రంథము బోధించుచున్నది. ఎగతాళి విషయములో లోకము ఏ రాళ్లు వాడుచున్నదో ఈసారి ఆలోచింతము.

బ్రిటన్‌లో బి.బి.సి. 1958 నుండి 1978 వరకు ఒక పాటల కార్యక్రమమును టెలివిజన్‌లో ప్రసారము చేసెను. తెల్లవారు ముఖములకు నల్లరంగు పూసికొని నల్లజాతివారివలె ఆడి పాడుట అందలి వినోదము. దానిని ఆపుమని 1967లో వినతిపత్రము ఇచ్చినను మరి 11 సంవత్సరములు సాగెను. చూచి నవ్వినవారికి అది వినోదమే. ఆ ముఖము ఎవరిదో వారికి అవమానము.

ఆ దేశములోనే దేవదూషణ చట్టము ఒకటి యుండెను. క్రీస్తును గూర్చిన ఒక పద్యమును ప్రచురించినందుకు 1977లో ఒక పత్రికకును దాని సంపాదకునికిని శిక్ష పడెను. తరువాత ముస్లిములు సల్మాన్ రష్దీ నవల విషయమై అదే చట్టమును ఆశ్రయింపగా, అది క్రైస్తవ మతమునకే వర్తించునని 1990లో న్యాయస్థానము తేల్చెను. 2008లో ఆ చట్టమే రద్దాయెను.

డెన్మార్క్‌లో ఒక దినపత్రిక 2005 సెప్టెంబరు 30న మహమ్మదు ప్రవక్తను గూర్చి 12 వ్యంగ్య చిత్రములు ప్రచురించెను. అదే పత్రిక 2003లో క్రీస్తు పునరుత్థానమును గూర్చిన వ్యంగ్య చిత్రములను, పాఠకులు నొచ్చుకొందురని త్రిప్పి పంపియుండెను. అవి తాము అడుగకుండ వచ్చినవి గనుక రెండును ఒకటి కావని వారు చెప్పిరి. కాని ఒకరి నొప్పి లెక్కకు వచ్చినది, మరొకరిది రాలేదు. ఈ రెండు సంగతులలోను మేలు పొందినది మన మతమే. అన్యాయము మనకు అనుకూలముగా ఉన్నప్పుడు దానిని గుర్తుపట్టుట కష్టము.

చర్మపు రంగు మార్చుకొనలేము, మతము మార్చుకొనవచ్చును. గనుక మతమును ఎగతాళి చేయుట తప్పు కాదని కొందరందురు. ఇందులో కొంత నిజము కలదు. ఏ బోధనైనను ప్రశ్నింపవచ్చును, తప్పు అని చెప్పవచ్చును. ఆ స్వేచ్ఛ లేనియెడల సువార్త ప్రకటనయే లేదు. అయితే వాదము ఎదుటివాని బుద్ధితో మాటలాడును. ఎగతాళి అతనిని నిలువబెట్టి ప్రక్కవారిని నవ్వించును.

ఎఫెసులో పౌలు చేతులతో చేసిన దేవతలు దేవతలు కావని స్పష్టముగా బోధించెను. అయినను వీరు మన దేవతను దూషింపలేదని ఆ పట్టణపు కరణమే జనుల యెదుట సాక్ష్యమిచ్చెను. కర్మెలు మీద ఏలీయా ఎగతాళి చేయలేదా అని అడుగవచ్చును. చేసెను. అయితే అతడు ఒక్కడై, రాజు అండగల 450 మంది యెదుట ప్రాణమునకు తెగించి మాటలాడెను. మనవారి నడుమ కూర్చుండి లేనివారిని చూచి నవ్వుట ఆ ధైర్యము కాదు.

ఇక మన సంగతి. తమిళనాడులో 'గొల్టి' అనినను, మహారాష్ట్రలో 'మద్రాసీ' అనినను మనకు ఒళ్లు మండును. మరి మన ఇండ్లలో 'అరవోడు' అని చెప్పుకొని నవ్వుట లేదా? మన విశ్వాసమును ఎకసెక్కెము చేసినయెడల నొచ్చుకొందుము. మరి మన కూటములలో ఎవరైనను పొరుగువారి దేవతల రూపములను గూర్చి హాస్యమాడినప్పుడు నవ్వువారము మనము కామా? ఆ నవ్వు మన పిల్లలు వినుచున్నారు. మరునాడు బడిలో ఆ పొరుగువారి పిల్లల ప్రక్కనే కూర్చుందురు.

మాకు తోచిన పరీక్ష ఒకటి కలదు. హాస్యపు మాట నోటికి వచ్చినప్పుడు, అందులో వారి పేరు తీసి మన పేరు పెట్టి చూడవలెను. అప్పుడును నవ్వు వచ్చినయెడల చెప్పవచ్చును. ముల్లు గుచ్చుకొన్నట్లుండినయెడల ఆ మాట మ్రింగివేయుటయే మేలు. మన ఇంట నున్న రెండవ రాయిని ముందుగా మనమే పారవేయుదము.