చంద్రశిలకు మడి

నందికొట్కూరులో అర్చకత్వం చేస్తుంటాను. చంద్రయాన్-4 వార్త వచ్చినప్పటి నుంచి నవగ్రహాల దగ్గర ఒక ప్రశ్న తరచూ వినిపిస్తోంది. "సామీ, చంద్రుడి మీది రాళ్లు తెస్తారంట గదా, దేవుణ్ణి తవ్వుకొచ్చినట్టు కాదా అది?" కాదు నాయనా అంటాను. ఆళ్లగడ్డలో శిల్పి వినాయకుడి తొండం దిద్దేటప్పుడు ఆ రాతిని కాలితో అదిమిపట్టే చెక్కుతాడు. ప్రాణప్రతిష్ఠ అయ్యేదాకా అది రాయే. మేం ఆగ్నేయాన తెల్లబట్ట కట్టి, బియ్యం పోసి పిలిచే చంద్రుడు మంత్రానికి వస్తాడు. మన్నుతో ఆయనకు పని లేదు.

ఈ ప్రశ్న తేలికైనదే. నన్ను తొలిచేది వేరే ఉంది. ఆ రాళ్ల విషయంలో సైంటిస్టులు పాటించే మడి.

చంద్రయాన్-4కు 2024 సెప్టెంబర్ 18న కేంద్ర మంత్రివర్గం రూ. 2,104.06 కోట్లు ఒప్పుకుంది. వెళ్లడం మనకు వచ్చు, దిగడమూ వచ్చు. ఇక మన్ను ఎత్తి, అక్కడే మూతపెట్టి, చెడకుండా ఇంటికి చేర్చాలి. 1969లో అపోలో వాళ్లు ఇందుకోసం అల్యూమినియం పెట్టెలు చేయించారు. మూత దగ్గర ఇండియం అనే మెత్తటి లోహపు పట్టీ ఉంటుంది. మూత బిగిస్తే కత్తిలాంటి అంచు ఒకటి ఆ పట్టీలోకి దిగబడిపోతుంది. గాలి చొరబడకూడదని ఇంత ఏర్పాటు. అయినా చంద్రుడి దుమ్ము అంచుల్లో ఇరుక్కుని కొన్ని పెట్టెల్లోకి గాలి దూరనే దూరింది. ఆర్మ్‌స్ట్రాంగ్ అయితే పెట్టె వెలితిగా ఉందని చివర్లో తొమ్మిది పారల మన్ను ఎత్తి పోశాడు. ఆ మన్ను మీద ఆ తర్వాత బోలెడు పరిశోధన జరిగింది. రాళ్లు కదలకుండా పోసిందే పనికొచ్చింది!

హ్యూస్టన్‌లో ఆ రాళ్లు ఇప్పటికీ నైట్రోజన్ నింపిన అరల్లో ఉన్నాయి. వాటిని తాకే పనిముట్లు స్టీలు, అల్యూమినియం, టెఫ్లాన్‌తో చేసినవే అయి ఉండాలి. వట్టి చెయ్యి తగలనివ్వరు. మా నాయనమ్మ మడిచీరను కర్రతో దండెం మీద ఆరేసి, మళ్లీ కర్రతోనే తీసుకునేది. హ్యూస్టన్ సంగతి చదివితే ఆ కర్రే గుర్తొచ్చింది.

కానీ తేడా చూడండి. మొదట్లో వాళ్లకు రాళ్లంటేనే భయం. ఏ క్రిమి వస్తుందోనని అపోలో 11 వ్యోమగాములు ముగ్గురినీ 21 రోజులు విడిగా ఉంచారు. క్రిమీ లేదు, కీటకమూ లేదు. అపోలో 14 తర్వాత మనుషుల్ని విడిగా పెట్టడం మానేశారు. రాతి మడిని మాత్రం వదల్లేదు. మన ఊపిరిలోని తేమ, చేతి జిడ్డు రాతిని పాడుచేస్తాయని వాళ్లకు తెలుసు. అంటే మైల మనది. దాన్ని కొలిచి మరీ ఒప్పుకున్నారు.

బెన్నూ అనే గ్రహశకలం నుంచి తెచ్చిన డబ్బా 2023 సెప్టెంబర్ 24న అమెరికాలోని యూటా ఎడారిలో దిగింది. బిగించిన 35 మరల్లో రెండు రాలేదు. పగలగొడితే త్వరగా పని అయిపోయేది. సైంటిస్టులు కొత్త పనిముట్లు చేయించుకుని, 2024 జనవరి దాకా ఆగి విప్పారు. దక్కింది 121.6 గ్రాములు. అందులో, జీవరాశి వాడుకునే 20 అమైనో ఆమ్లాల్లో 14 కనిపించాయి. ఎవరి చెమటో కలిసి ఉంటే ఆ మాట ఎవరు నమ్మేవారు?

మన మడి మాత్రం గుడి గడప దగ్గర నిలబడ్డవాడికి నువ్వు మైల అని చెప్పింది. తాను పుట్టిన కులమే వాడి తప్పయింది. 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా ఈ ప్రాంతంలోనూ గుళ్ల తలుపులు కొందరికి మూసే ఉన్నాయి. వాళ్లు లోపలికొస్తే విగ్రహానికి ఏమవుతుందో ఎవరూ పరీక్షించలేదు.

పరీక్ష మాత్రం మా దగ్గరే ఏటా జరుగుతోంది. శ్రీశైలం జలాశయం నిండితే సంగమేశ్వరం గుడి మునిగిపోతుంది. లోపలి లింగం వేపదారువు. నెలల తరబడి బురదలో, చేపల మధ్య ఉంటుంది. నీళ్లు తగ్గగానే అర్చకులు ఒండ్రు కడిగి, అభిషేకం చేసి పూజ మొదలుపెడతారు. జనం దణ్ణం పెట్టుకుంటారు. స్వామి మైలపడ్డాడని ఎవరూ అనగా నేను వినలేదు. చేప రాసుకుంటే పోని పవిత్రత మనిషి తాకితే ఎలా పోతుంది?

శాస్త్రం ఒప్పదు అనే సాటి అర్చకులు నాకు ఉన్నారు. వాళ్లకు నా మనవి ఒకటే. మడి కట్టుకుందాం, స్నానం చేద్దాం, నైవేద్యం శుభ్రంగా వండుదాం. ఆ నియమాలన్నీ మన చేతులకే పెట్టుకుందాం. గడప దగ్గరి మనిషి నుంచి దేవుణ్ణి కాపాడుతున్నామని మాత్రం ఇక చెప్పకండి.